తాగడానికి నీళ్లెక్కడివి సారూ?

ఈసారి సినిమా ప్రశ్నలు, జాతకాల ప్రశ్నలు, "పత్రిక ధర మళ్లీ ఎందుకు పెంచారు" అనే ప్రశ్న అన్నీ పక్కన పెట్టాం. 'నల్లగొండ పాఠకుడు' అనే సంతకంతో ముప్పై ఏళ్లకు పైగా ఈ శీర్షికకు కార్డులు రాసిన, సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్న పెద్దమనిషి పోయిన నెల చనిపోయారు. ఆయన గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికే ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. పేరు వేయలేదేమని కోప్పడకండి. ఇంట్లోవాళ్లు వద్దన్నారు, ఆయన కూడా ఏనాడూ వేయనివ్వలేదు.

ప్రశ్న: చంద్రుడి మీద కాపురాలు పెట్టిన కథ మీరు వేస్తే "అంతా బాగుంది, వాళ్లు తాగడానికి నీళ్లెక్కడివి సారూ?" అని రాసింది ఈయనే కదా. ఆయన కార్డు వచ్చిన వారం మా ఇంట్లో పత్రిక ముందు మా అమ్మ చేతికి పోయేది. ఏం పని చేసేవారు? కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారా?
— ఒక టీచరమ్మ, మిర్యాలగూడ

జవాబు: లేదమ్మా, ఆర్టీసీలో కండక్టర్. మేమూ చాలా ఏళ్లు లెక్చరర్ అనే అనుకున్నాం, ఒకసారి కార్డు చివర "డ్యూటీకి టైమైంది, బండి ఎనిమిదో నంబర్ ప్లాట్‌ఫాం మీద ఉంది" అని రాస్తే అప్పుడు తెలిసింది.

సొంతూరు మర్రిగూడ వైపు. చదువు పదో తరగతి. ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అనే చెప్పాలి. హైదరాబాద్ బండికి ఆదివారం డ్యూటీ అడిగి మరీ వేయించుకునేవారట (ఆదివారం డ్యూటీ కావాలని అడిగే కండక్టర్‌ని ఇంకొకర్ని చూపించండి). గౌలిగూడలో దిగి, బండి మళ్లీ కదిలేలోపు కోఠి మీదుగా ఆబిడ్స్ దాకా నడిచి, అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకాలు రెండో మూడో కొనుక్కుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని నైట్ హాల్ట్‌లో చదివేవారు. అంతకుముందు చదివినవి విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికే సోవియట్ పుస్తకాలు. పెరెల్మాన్ భౌతికశాస్త్రం పుస్తకం తెలుగులో చదివాకే తనకు లెక్కల పిచ్చి పట్టిందని చెప్పుకునేవారు.

ఆయన పుస్తకం ఒకటి మా దగ్గరుంది, ఎప్పుడో చదవమని పంపారు, మేం తిరిగివ్వలేదు. అందులో పేజీ గుర్తుకు పెట్టినవన్నీ బస్సు టికెట్లే. కొత్త టికెట్లు కావు, వాటికి లెక్క చెప్పాలి కదా, జనం దిగేటప్పుడు కింద పడేసిపోయినవి. ఒక్కో టికెట్ వెనక సన్నని పెన్సిల్ రాత. "ఇక్కడ రచయిత గాలి సంగతి మర్చిపోయిండు" అని ఒకదాని మీద ఉంటే, ఇంకోదాని మీద "ఈమె ఎందుకు ఏడ్చిందో నాకు సమజ్ కాలే, మళ్ల చదవాలె" అని ఉంది. ఆ టికెట్‌కి పంచ్ పడ్డ చిల్లు సరిగ్గా 'ఏడ్చిందో' అన్న మాట పక్కనే ఉంది.

ప్రశ్న: సినిమా హీరోలకు ఫ్యాన్స్ ఉంటారు, క్రికెటర్లకు ఉంటారు. సైన్స్ ఫిక్షన్‌కి కూడా ఫ్యాన్సేంటండీ, కటౌట్లు కడతారా?
— డిగ్రీ స్టూడెంట్, సూర్యాపేట

జవాబు: కటౌట్లు కట్టరుగానీ అంతకంటే వింత పనులే చేస్తారు తమ్ముడూ. ఆ చరిత్ర ఇలాంటి ఉత్తరాల పేజీలోంచే మొదలైంది, అందుకే మాకు ఇష్టం. 1926 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అనే ఆయన కేవలం సైన్స్ కథల కోసం 'అమేజింగ్ స్టోరీస్' అని ఒక పత్రిక పెట్టాడు. పాఠకుల ఉత్తరాలు వేసేటప్పుడు వాళ్ల పూర్తి అడ్రసు కూడా అచ్చేసేవాడు. దాంతో ఏమైందంటే, ఎక్కడో ఒక ఊళ్లో ఈ పిచ్చి నాకొక్కడికే ఉందనుకుని కూర్చున్న కుర్రాడికి రెండు వందల మైళ్ల అవతల ఇంకో పిచ్చోడు ఉన్నాడని తెలిసిపోయింది, పత్రికతో పని లేకుండా వాళ్లలో వాళ్లే రాసుకోవడం మొదలైంది. తర్వాత క్లబ్బులు వచ్చాయి. 1930 నుంచి సొంతంగా కాపీలు తీసి పంచుకునే చిన్న పత్రికలు వచ్చాయి. 1939 జులైలో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సభ పెట్టుకుంటే వచ్చింది సుమారు రెండు వందల మంది. పేరేమో ప్రపంచ సభ! దానికి ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే కుర్రాడు భవిష్యత్తులో మనుషులు ఇలా ఉంటారని భుజాల మీద గుడ్డ కప్పుకుని వేషం వేసుకుని వచ్చాడు. సైన్స్ ఫిక్షన్‌ని కుదించి 'సైఫై' అన్న మాట పుట్టించింది కూడా ఆయనే, 1954లో. 2008లో పోయేదాకా ఆయన్ని అందరూ పిలిచింది ఫ్యాన్ అనే. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే, 1953లో మొదలైన హ్యూగో అవార్డులకు ఓట్లు వేసేది ఆ సభ సభ్యులే, అందులో 1967 నుంచి ఫ్యాన్ రచయితకు కూడా ఒక బహుమతి ఉంది.

మన నల్లగొండ పాఠకుడికి వీళ్లందరిలో ఇష్టమైన మనిషి బాబ్ టకర్. ఇలినాయ్‌లో సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేస్తూ పత్రికలకు ఉత్తరాలు రాసి రాసి చివరికి తనే రచయితయ్యాడు. తన కథల్లో పాత్రలకు స్నేహితుల పేర్లు పెట్టేసేవాడు, ఇప్పుడు ఎవరు ఆ పని చేసినా అక్కడ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒకసారి టకర్ చనిపోయాడని ఎవరో కొంటెగా ఒక పత్రికకు ఉత్తరం రాస్తే వాళ్లు నిజమనుకుని అచ్చేశారు. ఆయన 2006 దాకా, తొంభై ఒక్కేళ్లు బతికాడు. ఈ కథ మన పాఠకుడు మాకు కనీసం మూడుసార్లు రాసి ఉంటారు.

పోయిన నెల నల్లగొండ నుంచి ఫోన్ వచ్చినప్పుడు మాకు మొదట తట్టింది అదే. ఫోన్ పెట్టేసి, అరగంట ఆగి, మళ్లీ చేసి కనుక్కున్నాం. నిజమే.

ప్రశ్న: 1980 సూర్యగ్రహణం రోజు మా నాయన మమ్మల్నందర్నీ ఇంట్లో వేసి, కిటికీ సందులకు కూడా గోనెపట్టాలు కట్టిండు. మీ పాఠకుడు ఆ రోజు బయట నిలబడి చూసిండని ఎప్పుడో మీ పత్రికలోనే చదివిన. నిజంగా చూసిండా, కథ చెప్పిండా?
— రిటైర్డ్ ఉద్యోగి, మహబూబ్‌నగర్

జవాబు: చూశారు. మీరు చూడలేదని మాకూ బాధగానే ఉంది, ఎందుకంటే మీ ఊరు కూడా సరిగ్గా ఆ దారిలోనే ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం నీడ కర్ణాటక తీరంలో అడుగుపెట్టి, రాయచూరు, పాలమూరు, నల్లగొండ, ఖమ్మం మీదుగా ఒడిశా తీరానికి వెళ్లింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా ఆ దారిలోనే ఉండటంతో శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి చేరారు. అంత దూరం నుంచి వాళ్లు వస్తే, నెత్తి మీదే నీడ పడ్డ మనం తలుపులేసుకున్నాం. అప్పటికి ఏడాది కూడా కాలేదు, 1979 జులైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు కోళ్లనీ మేకల్నీ కోసుకుని తిన్నాయి, చివరికి అది పోయి హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి కొసన పడింది. ఆ భయం ఇంకా పోలేదు. ఎవర్నీ తప్పు పట్టలేం.

ఆయన అప్పుడు కొత్తగా డ్యూటీలో చేరిన కుర్రాడు. బస్సు ఖాళీ. నార్కట్‌పల్లి దాటాక డ్రైవర్ బండిని రోడ్డు పక్కన ఒక చింతచెట్టు కింద ఆపేసి, "నువ్వు దిగితే దిగు తమ్మీ, నాకు పిల్లలున్నరు" అని స్టీరింగ్ మీద టవల్ పరిచి అందులో తల పెట్టుకున్నాడట. ఈయన దిగారు. ఆ కార్డు మా దగ్గరుంది, సందు లేకుండా నాలుగు అంచుల్లో కూడా రాశారు. చింతాకుల మధ్యలోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ గుండ్రంగా ఉండటం మానేసి నెలవంకల్లా అయ్యాయట, తన చొక్కా మీద కూడా నెలవంకలే. ఎండ ఎండలాగే ఉంది కానీ అందులో వేడి లేదు. తన చేతి నీడలో వెంట్రుక కూడా విడిగా కనపడింది. ఎక్కడో కోడి కూసి, సగంలో ఆపేసింది. తర్వాత పడమటి నుంచి పొలాల మీదుగా నీడ పరిగెత్తుకుంటూ వచ్చిందట. "నేను వెనక్కి రెండడుగులు వేసిన, సిగ్గుపడుతున్న" అని రాశారు. రెండు నిమిషాలకు పైగా చీకటి. శుక్రుడు కనిపించాడు. ఆ రెండు నిమిషాల్లో ఆయన చేసిన పని ఏంటంటే, బస్సు మీద గట్టిగా చరిచి డ్రైవర్‌ని పిలవడం. డ్రైవర్ తలెత్తలేదు. చనిపోయేదాకా ఆయనకు ఆ బాధ ఉండేది, చేయి పట్టి లాగాల్సింది అనేవారు.

ఇక్కడ ఒక మాట, పిల్లలున్న ఇళ్ల కోసం. గ్రహణం ముందూ వెనకా ఆయన ఎక్స్‌రే ఫిల్మ్ అడ్డం పెట్టుకుని చూశారు. ఆ పని చేయకండి. దాంట్లోంచి కళ్లకు కనపడని కిరణాలు దిగుతాయి, కంటి లోపలి పొర కాలుతుంది, కాలినట్టు నొప్పి కూడా తెలియదు. గ్రహణం కోసం తయారుచేసిన కళ్లద్దాలే వాడాలి. సూర్యుడు మొత్తం మూసుకుపోయిన ఆ రెండు మూడు నిమిషాలు మాత్రమే వట్టి కళ్లతో చూడొచ్చు. మన దేశంలో మళ్లీ సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, కశ్మీర్, లద్దాఖ్ వైపు. రిటైరైన ఏడాదే ఆయన లద్దాఖ్ దాకా బస్సు, రైలు ఛార్జీలు ఎంతవుతాయో లెక్క వేసి పెట్టుకున్నారు. విమానం లెక్క వేయలేదు.

ప్రశ్న: కోపం తెచ్చుకోకండి. మా తాతకు ఈ ఫ్లోరైడ్ నీళ్లు తాగే నడుం వంగిపోయింది, కాళ్లు దొడ్డికాళ్లయినయి. మా ఊళ్లో చుక్క మంచినీళ్ల కోసం ఎన్నేళ్లు కొట్లాడినమో మాకు తెలుసు. అసొంటి జిల్లాలో కూర్చుని అంగారకుడు, చంద్రుడు అని కథలు చదువుకునుడు ఎవరికి పనికొచ్చింది?
— దేవరకొండ నుంచి ఒక యువకుడు

జవాబు: కోపమెందుకు బాబూ. ఆయనది మీ పక్క ఊరే. ఆయన పళ్ల మీద కూడా ఆ పసుపు గీతలుండేవి, నలభై ఐదు దాటాక మోకాళ్లు వంగక బస్సు మెట్లు ఎక్కడానికి కడ్డీ పట్టుకుని నిలబడిపోయేవారని తోటి కండక్టర్ ఒకరు చెప్పారు. ఏ గ్రహం కథ చదివినా "తాగడానికి నీళ్లెక్కడివి" అనే ప్రశ్న ఆయనకు అక్కడి నుంచే వచ్చింది. మిగతా పాఠకులు రాకెట్ రంగు చూస్తుంటే ఈయన బిందె ఎక్కడుందని వెతికేవారు.

2008లో నాసా పంపిన ఫీనిక్స్ అనే నౌక అంగారకుడి ఉత్తరాన మంచును తవ్వింది, ఆ మట్టిలో పెర్‌క్లోరేట్ అనే ఉప్పు ఉందని బయటపెట్టింది. అది ఒంట్లోకి పోతే థైరాయిడ్ దెబ్బతింటుంది, అంటే అక్కడి మంచు కరిగించుకున్నా శుద్ధి చేయకుండా తాగలేం. ఆ వార్త వచ్చాక ఆయన దగ్గర్నుంచి ఒక్క వాక్యం కార్డు వచ్చింది: "అయితే అంగారకుడు మా మర్రిగూడ లెక్కనే ఉందన్నట్టు, నీళ్లున్నయి, తాగరాదు." ఆ మరుసటి ఏడాది చంద్రయాన్–1 సమాచారంతో చంద్రుడి మీద నీటి అణువుల ఆనవాళ్లున్నాయని ప్రకటించినప్పుడు "ఫ్లోరైడ్ చూసిన్రా?" అని రాశారు. అది జోక్ కాదు, నిజంగానే అడిగారు. అంతరిక్ష కేంద్రంలో చెమట, మూత్రం సహా వాడిన నీళ్లలో 98 శాతం తిరిగి తాగునీరుగా మారుస్తున్నారని 2023లో నాసా చెప్పినప్పుడు మాత్రం నవ్వుతూ ఫోన్ చేశారు: "చెమట కూడా వదులుతలేరంట సారూ, ఎండాకాలం మా పల్లెవెలుగు బండి ఒక్కటి చాలు వాళ్లకు."

నీకు ఇంకో సంగతి చెప్పాలి. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో ఒక పద్ధతి తయారుచేశారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలిపి తేరనిస్తే ఫ్లోరైడ్ చాలావరకు మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకి తేవచ్చు. దాని పేరు 'నల్గొండ టెక్నిక్'. ఇథియోపియా, టాంజానియా లాంటి చోట్ల కూడా వాడి చూశారు. పటిక ఎక్కువ పట్టడం, రోజూ కలపాల్సి రావడం, మడ్డి ఎక్కడ పారబోయాలో తెలియకపోవడం లాంటి తిప్పలున్నాయి, అందుకే మన ఊళ్లకు చివరికి కావాల్సింది కృష్ణా నీళ్లే అని అందరూ కొట్లాడారు. ఆయనా ఆ ధర్నాల్లో కూర్చున్నారు, సంచిలో పుస్తకంతో. కథలు చదివినందుకు ధర్నా మానలేదు, ధర్నాకు పోయినందుకు కథలూ మానలేదు. ఎవరికి పనికొచ్చిందంటే, ముందు ఆయనకు పనికొచ్చింది. మోకాళ్లు వంగని మనిషి రోజూ రాత్రి ఎక్కడెక్కడికో వెళ్లొచ్చేవాడు, అది తక్కువేం కాదని మా ఉద్దేశం, నీకు నచ్చకపోతే మళ్లీ రాయి.

ప్రశ్న: నేను ఆయన తమ్ముడి కూతుర్ని. పెదనాయిన పుస్తకాలు రెండు బీరువాలు, మంచం కింద నాలుగు అట్టపెట్టెలు. ఇల్లు ఖాళీ చేయాలి. పాతపేపర్ల అతను కిలోల లెక్కన అడుగుతున్నడు. మా నాయన ఇచ్చేద్దామంటున్నడు. ఏం చేయమంటారు?
— నల్లగొండ

జవాబు: ముందు మీ నాయన్ని ఒక వారం ఆపండమ్మా, ఆ తర్వాత సంగతి చూద్దాం. పుస్తకాల్ని కదిలించకముందే ఒక్కో అరనూ ఫోన్‌తో ఫొటో తీయండి. పుస్తకాల్లో ఉన్న టికెట్లు ఊడదీయొద్దు, దులపొద్దు. చెదలు పట్టినవి వేరే పెట్టి నీడలో ఆరేయండి, ఎండలో పెడితే పాత కాగితం పెళుసై పోతుంది. ఒక నోట్‌బుక్‌లో పేరు, రచయిత, ఏడాది రాసుకుంటూ పోండి. ఆరు వందల పుస్తకాలైనా ఇద్దరు కూర్చుంటే నాలుగైదు రోజుల పని.

లైబ్రరీకి ఇద్దామనుకుంటే జాబితా చూపించి, ఏవి తీసుకుంటారో ముందే అడగండి. మూటగట్టి తీసుకెళ్లి దింపితే చాలాచోట్ల అవి మూటల్లోనే ఉండిపోతాయి, మేం చూశాం. అన్నీ ఒకేచోటికి ఇవ్వాలనీ లేదు, తెలుగువి మీ మండలంలో బడికి, ఇంగ్లీషువి చదివే పిల్లలున్న చోటికి. స్కాన్ చేసి అందరికీ పంచుదామని ఎవరైనా సలహా ఇస్తే అన్నిటికీ కుదరదు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి. 1946లో పోయిన హెచ్.జి. వెల్స్, 1905లో పోయిన జూల్స్ వెర్న్ లాంటి వాళ్ల మూలాలకు ఆ ఇబ్బంది లేదు, కానీ వాటి తెలుగు అనువాదాలకు అనువాదకుల హక్కు వేరే ఉంటుంది, చూసుకోవాలి.

మీరు ఫోన్‌లో చెప్పిన ఆ నీలం ఏరోగ్రాం మాత్రం ఎవరికీ ఇవ్వకండి. (మిగతా పాఠకుల కోసం: కొలంబోలో ఉండే సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ క్లార్క్‌కి 1980ల్లో రాసి, పోస్ట్ చేయని ఉత్తరం అది. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు పెడితే ప్రపంచమంతా ప్రసారాలు అందుతాయని క్లార్క్ 1945లోనే రాశారు. ఇన్సాట్–1బి అలాంటి కక్ష్యలోకే వెళ్లింది, దాని పుణ్యాన మన చిన్న ఊళ్లకు టీవీ వచ్చింది. "మీరు చెప్పిన ఎత్తు నుంచి మా డిపోలో టీవీ వస్తున్నది, థ్యాంక్స్" అని మొదలవుతుందట ఉత్తరం. ఎందుకు పోస్ట్ చేయలేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషులో తప్పులుంటాయని భయపడి ఉంటారని మా అనుమానం.)

ప్రశ్న: అంత చదివిన మనిషి ఒక్క కథ కూడా రాయలేదా?
— ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: ఒక్కటి రాశారు. తిప్పి పంపింది మేమే.

కథ ఇది. నల్లగొండ నుంచి చంద్రుడికి బస్సు వేస్తారు. కండక్టర్ లెక్క వేసుకుంటాడు: దూరం 3,84,400 కిలోమీటర్లు, గంటకు అరవై చొప్పున పోతే 267 రోజులు, అదీ టీ తాగడానికి ఎక్కడా ఆపకుండా. టికెట్ ధర కొట్టాలంటే కాగితం చాలదు. సామాను టికెట్ గురించి ఒక ముసలమ్మ బేరం, సగం టికెట్ పిల్లాడికి దిగేసరికి వయసు దాటిపోతుందని ఒక తండ్రి గొడవ, మధ్యలో చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ఎక్కడ ఎక్కుతాడని డ్రైవర్ టెన్షన్, అన్నీ బాగున్నాయి. తర్వాత కండక్టర్ నీళ్ల లెక్క మొదలుపెడతాడు. యాభై మంది, మనిషికి రోజుకు మూడు లీటర్లు, 267 రోజులు. నలభై వేల లీటర్ల పైచిలుకు. అంటే ఎనిమిది ట్యాంకర్లు. బస్సు పైన పెడితే బస్సు కూర్చుంటుంది, వెనక కడితే లేవదు. జనం అందరూ సీట్లలో కూర్చుని ఉంటారు, కండక్టర్ మెట్టు మీద నిలబడి కాగితం మీద లెక్క మళ్లీ మళ్లీ వేస్తుంటాడు. అంతే, కథ అయిపోతుంది.

"ముగింపు లేదు, బస్సు కదిలేలా మార్చి పంపండి" అని మేం రాశాం. ఆయన మార్చలేదు, మళ్లీ పంపలేదు, ఏమీ అనలేదు కూడా. కార్డులు మాత్రం ఎప్పట్లాగే వచ్చేవి. మొన్న అట్టపెట్టెలో ఆ కాగితాలు దొరికాయని ఆయన తమ్ముడి కూతురు పంపింది, మా ఉత్తరం కూడా దానికే పిన్ను కొట్టి ఉంది.

వచ్చే సంచికలో వేస్తున్నాం. బస్సు డిపోలోనే ఉంటుంది.